ఎడమకు లాగే మలుపు

కొంటా నుంచి సుక్మా పోయే దారిలో, వాగులోకి దిగబోయే ముందు ఒక మలుపుంది. రోడ్డు అక్కడ ఎడమపక్కకు వాలి ఉంటుంది. ఆ పక్కనే చచ్చిపోయినవాళ్ల పేరన నిలబెట్టిన రాళ్లు — మనిషెత్తువి కొన్ని, మోకాలెత్తువి కొన్ని. పొద్దుగూకితే ఎడ్లబండ్లవాళ్లు అటు ఒంటరిగా పోయేవాళ్లు కాదు, తోడు దొరికేదాకా ఆగేవాళ్లు. ఎందుకయ్యా అంటే ఒకటే మాట.

"అక్కడ ముయె ఉంది… చక్రం పట్టుకుని లాగుద్ది."

ఇది బస్తరుకు రాజుగారున్న రోజుల మాట. కళ్లారా చూశానని కోతలు కొయ్యను, విన్నదే చెబుతున్నా. నమ్మకపోతే మానెయ్యండి, నాకు పోయేదేం లేదు.

ముయె ఎవరో కాదు, సీతయ్య పెళ్లాం. సీతయ్య కొంటాలో కాశీవిశ్వనాథం షావుకారు దగ్గర కారు తోలేవాడు. ఆ చుట్టుపక్కల కారంటే అదొక్కటే, అదీ ఎవరో వాడి వదిలేసిన పాతది. తోలడమూ సీతయ్యే, మరమ్మతూ సీతయ్యే.

ఒక వానాకాలం ముయెకు చలిజ్వరం తలకెక్కింది. షావుకారిని బతిమాలి, ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టుకుని సుక్మా మీదుగా జగదల్‌పూర్ ఆసుపత్రికి బయల్దేరాడు. చీకటి, వాన. గుంటా మిట్టా చూడలేదు, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తోలాడు. సరిగ్గా ఆ మలుపులో ఎడమ ముందుచక్రం ధడాలున గుంటలో పడి లేచింది. వెనక్కి తిరిగి చూస్తే… ముయెకు ఊపిరి లేదు.

ఆ అడవి పల్లెల ఆచారం ప్రకారం ఆమె పేరన అక్కడే ఒక రాయి నిలబెట్టారు.

అప్పటినుంచి మొదలైంది. జగదల్‌పూర్ పోయేటప్పుడు ఆ మలుపు రాగానే — స్టీరింగు మెల్లగా… తనంతట తాను… ఎడమకు తిరిగేది. రాళ్లవైపు. షావుకారు గుమాస్తా ఒకసారి పక్కన కూర్చుని చూసి, సుక్మాలో దిగినవాడు మళ్లీ ఆ కారు ఎక్కనంటే ఎక్కనన్నాడు. వాడి నోటిపుణ్యమే, ఊరంతా పాకింది.

సీతయ్యకు మాత్రం భయం లేదు. పైగా సంతోషం అంటే మీరు నవ్వుతారేమో. ఇంట్లో రెండో మనిషి లేదు. తనకు తనే వండుకోవడం, తినడం, పొయ్యి ఆర్పి పడుకోవడం. నోరు విప్పి మాట్లాడదామంటే ఎవరున్నారు? అందుకే ఆ మలుపు రాగానే స్టీరింగు మీద పట్టు వదిలేవాడు. కారు రాళ్ల పక్కనే ఒరుసుకుంటూ పోయేది.

"ఏందే… ఇంకా కారెక్కి ఆసుపత్రికి పోవాలనే ఉందా?" అని గొణిగేవాడు.

తిరిగి వచ్చేటప్పుడు మాత్రం కారు రాళ్లకు దూరంగా, అవతలికి లాగేది. "అలిగినవా?" అనేవాడు. పోయేటప్పుడు పిలుపు, వచ్చేటప్పుడు అలక. అదే అతని కాపురం.

ఇంతలో షావుకారు కూతురు సుశీలకు నెలలు నిండాయి. బిడ్డ అడ్డం తిరిగిందని మంత్రసాని చేతులెత్తేసింది. నొప్పులు మొదలుకాగానే జగదల్‌పూర్ చేర్చాల్సిందే. షావుకారు సీతయ్యను పెరట్లోకి పిలిచి గొంతు తగ్గించాడు.

"ఈసారి నా బిడ్డ కూర్చుంటది సీతయ్యా. ఆ మలుపు కాడ కారు పక్కకు పోయిందంటే… నేను తట్టుకోలేను. వడ్డెకు కబురు పెట్టిన. రేపో మాపో వచ్చి ఆమెను కట్టేసి పోతాడు."

వడ్డె అంటే అక్కడి పూజారి. దెయ్యాన్ని కట్టాడంటే ఇక అది కదలదని పేరు. సీతయ్య ఆలోచన వేరు. ముయెను కూడా కట్టేస్తే ఇక తనకు మిగిలేది ఎవరు?

"వద్దు షావుకారూ. ముందు కారు చూడనియ్యండి. రోగం కారుదే అయ్యుండొచ్చు."

నిజానికి రోగం కారుదని అతను కలలో కూడా అనుకోలేదు. వడ్డెను తప్పించడానికే ఆ మాట. ఏవో నాలుగు నట్లు తిప్పి బాగైందని చెబుదాం, సుశీలమ్మ ఎక్కిన రోజున స్టీరింగును ఉడుంపట్టు పట్టుకుందాం, ముయెకు తర్వాత నచ్చజెప్పుకుందాం… అదీ అతని లెక్క.

మర్నాడు ఇప్పచెట్టు కింద కారును చదును నేల మీద నిలిపాడు. వెదురుపుల్ల అడ్డం పెట్టి ముందుచక్రాలు కొలిచాడు. ముందు అంచులు వెనక అంచుల కన్నా రవ్వంత దగ్గరగా ఉండాలి, అలాగే ఉన్నాయి. ఇది అతను ఎప్పుడూ చూసుకునేదే. అందుకే కారులో తప్పు లేదని అంత ధీమా. చక్రాల పైన బరువు మోసే కమాను పట్టీలు చూశాడు. ఎడమవైపువి కొద్దిగా చదునుబడ్డాయి, పాత కారుకు అది మామూలే.

షావుకారు అరుగు మీంచి చూస్తున్నాడు. పని చేసినట్టు కనబడాలి కదా… అందుకని ఎప్పుడూ చెయ్యనిది ఒకటి చేశాడు. కుడివైపు, వెనకచక్రం నడుమ నుంచి ముందుచక్రం నడుమ దాకా నూలుదారం పట్టి ముడి వేశాడు. అదే దారం తెచ్చి ఎడమవైపు పట్టాడు.

దారం మిగిలింది.

మళ్లీ పట్టాడు. మళ్లీ మిగిలింది…

కారు కిందికి దూరాడు. కమాను పట్టీలన్నిటినీ కలిపి, ఇరుసు మీద జరక్కుండా నిలిపే బోల్టు ఒకటి నడుమ ఉంటుంది. చీకట్లో వేళ్లతో తడిమాడు. దాని తల ఊడి చేతిలోకి వచ్చింది. తెగినచోట తుప్పు పట్టి ఉంది. ముందు ఇరుసు ఎడమపక్కన వెనక్కి జరిగి కూర్చుంది. అలా జరిగితే కారు ఎడమకు లాగక ఏం చేస్తుంది, ఆ వాలు మలుపులో మరీను.

ఎప్పుడు తెగిందో ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ వాన… ఆ గుంట…

పోయేటప్పుడైనా వచ్చేటప్పుడైనా కారు తన ఎడమకే లాగింది. పిలుపూ లేదు, అలకా లేదు. మిగతా దారంతా తనే చెయ్యి బిగబట్టి సరిచేసుకుంటూ వచ్చాడు, అలవాటై తెలియలేదు. పట్టు వదిలింది ఆ ఒక్కచోటే. సీతయ్య కారు కిందే పడుకుని ఏడ్చాడు.

"ఏంది సీతయ్యా, దొరికిందా?" అరుగు మీంచి షావుకారు అడిగాడు.

దొరికిందంటే ముయె లేనట్టే. దొరకలేదంటే… వెనక సీట్లో మళ్లీ ఒక ఆడమనిషి, చీకటి, గుంట. ఎప్పుడు పూర్తిగా జరిగిపోతుందో తెలియని ఇరుసు. సీతయ్య తెగిన బోల్టు తల పట్టుకుని కారు కింద నుంచి బయటికి పాకాడు.

"దొరికింది షావుకారూ. వడ్డె అక్కర్లేదు."

కమ్మరి ఎర్రయ్య కొలిమిలో పట్టీలకు వంపు పెట్టించాడు. కొత్త బోల్టు వేశాడు. ఇరుసును ముందుకు జరిపి, దారం రెండువైపులా సమంగా వచ్చేదాకా కొలిచి బిగించాడు. తన కాపురాన్ని తనే విప్పుకున్నా, చేసిన పనికి మాత్రం వంక పెట్టలేం.

ఒకనాటి సాయంత్రం సుశీలకు నొప్పులొచ్చాయి. వెనక సీట్లో ఆమె, ఆమె తల్లి మంగాదేవి. మలుపు దగ్గరపడుతుంటే మంగాదేవి కళ్లు మూసుకుని రామనామం అందుకుంది. సీతయ్య వేళ్లు రవ్వంత వదులు చేశాడు…

దీపాల వెలుగులోకి రాళ్లు వచ్చాయి. పక్కనుంచి వెళ్లిపోయాయి. కారు గీత గీసినట్టు పోయింది.

"దాటినామా?" మంగాదేవి గుసగుసగా అడిగింది.

"దాటినం అమ్మా."

తెల్లారేసరికి తల్లీ బిడ్డా క్షేమం. షావుకారు ఇంట పండగే.

తిరుగుదారిలో సీతయ్య ఒక్కడే. ఆ మలుపు చేరేసరికి చీకటి పడింది. కారు అవతలికి కూడా లాగలేదు. అదీ మామూలు రోడ్డే అన్నట్టు దాటేసింది. కొంతదూరం పోయి ఆపాడు. దీపాలు ఆర్పి, దిగి, వెనక్కి నడిచాడు. ఇన్నాళ్లూ కారే తీసుకుపోయేది, ఇప్పుడు తన కాళ్లతో తనే పోవాలి. రాయి పక్కన కూర్చుని, బోల్టు సంగతి, సుశీలమ్మ బిడ్డ సంగతి, పొద్దున తాగిన అంబలి సంగతి అన్నీ చెప్పుకున్నాడు. ఆ తర్వాత ఆ దారిన పోయినప్పుడల్లా అంతే.

కొన్నాళ్లకు కొంటా సంతలో, కల్లుకుండల దగ్గర, ఎడ్లబండి తోలే ఉంగ చెబుతున్నాడు. ముయె పోయిందంట. రాళ్లకాడ ఇప్పుడు మగదెయ్యం చేరిందంట. చీకట్లో కూర్చుని అది మాట్లాడుతుంటే చెవులారా విన్నాడంట. చుట్టూ ఉన్నవాళ్లు దగ్గరికి జరిగారు.

కల్లుదొన్నెతో అక్కడే కూర్చున్న సీతయ్యకు నవ్వు రావాల్సింది. రాలేదు. ఆకుదొన్నె కింద పెట్టాడు.

"మగ గొంతు ఒక్కటేనా ఉంగా?" మెల్లగా అడిగాడు. "ఆడ గొంతేమైనా…"

ఉంగ ఆలోచించాడు.

"లేదు మామా, ఒక్కటే. నడుమ నడుమ ఆగుద్ది… ఎవరో చెప్పేది వింటున్నట్టు. మళ్లీ మొదలుపెడుద్ది. ఆ రెండో మాట మాత్రం నాకు వినబళ్లే."

'నాకూ వినబళ్లేదురా' అనబోయి ఆగి, సీతయ్య దొన్నె ఎత్తి తాగాడు.