టీకా మర్నాటి అల్లం బిస్కెట్

టీకా కోసం వరసలో నిలబడి కూడా పోట్లాడుకునే వాళ్లుంటారా అంటే, ఆ బిస్కెట్ ఫ్యాక్టరీలో ఉన్నారు. ఇద్దరే ఇద్దరు. ఒకరు పిండి కలపడం దగ్గర్నుంచి కాల్చడం దాకా చూసుకునే ఓవెన్ అమ్మాయి. రెండోవాడు ఆమె కాల్చినవాటిని రుచి చూసి, బజారుకు పంపాలో చెత్తలో వెయ్యాలో తేల్చే కుర్రాడు. అతని అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు. అందరూ ‘నాలుక గారు’ అంటారు.

పోట్లాటంతా అల్లం బిస్కెట్ గురించే. అది ఆమె సొంతంగా కనిపెట్టిన బిస్కెట్. ఎన్నిసార్లు కాల్చి పంపినా అతను వెనక్కి పంపుతూనే ఉన్నాడు. ఒకసారి తీపి అల్లాన్ని తొక్కేసిందన్నాడు. ఇంకోసారి అల్లం గొంతు పట్టుకుందన్నాడు. మొన్నటిదానికి మాత్రం ఏ వంకా దొరకలేదు కాబోలు, “ఇంకొంచెం” అని ఊరుకున్నాడు.

“ఇంకొంచెం అంటే ఏమిటి?” అని క్యాంటీన్లో, వరస ముందుకు జరుగుతుండగా ఆమె నిలదీసింది.

“తెలిస్తే చెప్పనా?”

“తెలియకుండానే తిప్పి పంపుతారా?”

“లోటు ఉందని తెలుస్తోంది. ఏమిటో తెలియడం లేదు.”

“మీకు నచ్చింది ఈ భూమ్మీద ఒక్కటైనా ఉందా అసలు?”

అతను ఏదో చెప్పబోయి, మానేసి, చెవి వెనక గోక్కున్నాడు. అప్పుడే నర్సు, ఎక్కువగా వాడని చెయ్యి ఇవ్వమ్మా అంది. ఆమె అతని మీద నుంచి చూపు తిప్పకుండానే, కోపంలో ఏ చెయ్యి ముందుకొస్తే ఆ చెయ్యి చాపేసింది. అది ఎడమ చెయ్యి. ఆమెది ఎడమచేతి వాటం. సూది దిగాక గానీ ఆ సంగతి గుర్తు రాలేదు.

మర్నాడు ఫ్యాక్టరీలో ఎవరి నోట విన్నా సైడ్ ఎఫెక్ట్స్ మాటే. మామూలుగానే ఆమెకు కుతూహలం జాస్తి. క్యాంటీన్ నడిపే పిన్ని, నీకు అడగడమనే జబ్బుంది, దానికి టీకా కనిపెట్టలేదు అంటుంది. ఆ పూట ఆమెకు పండగే అయింది. ప్యాకింగ్‌లో ఒకావిడకి రాత్రంతా జ్వరం. ఇంకొకాయనకి ఒళ్లంతా చితక్కొట్టినట్టు నొప్పులు. లోడింగ్ అతనికి ఏమీ రాలేదు, అదే అతని దిగులు. టీకా నాకు పట్టలేదేమోనని కనిపించిన వాళ్లందర్నీ అడుగుతున్నాడు. అకౌంట్స్ గుమాస్తా ఫ్రిజ్ మొత్తం ఖాళీ చేసి ఆ నేరం సూది మీదకు నెట్టాడు. వాచ్‌మన్ గొడుగు పోగొట్టుకుని, అదీ దానివల్లే అంటున్నాడు. స్టోర్స్ ఆయన తన స్నేహితుడికి నోరంతా ఇనుము రుచి వచ్చిందని చెప్పాడు. ఆమె అన్నిటినీ నోరు తెరుచుకుని విన్నది.

ఆమెకు మాత్రం ఎడమ చెయ్యి కాస్త కూడా పైకి లేవడం లేదు. ఆమె ఉండేది పిన్ని ఇంట్లోనే కాబట్టి, పొద్దున్న పిన్నే జడ వేసి పంపింది. జడ వేస్తూ, సాయంత్రానికి ఆ పక్క ఊరి బేకరీ వాళ్లకి ఏం చెబుతావని అడిగింది. వాళ్లు హెడ్‌గా రమ్మంటున్నారు. ఈ మధ్యాహ్నం ఫ్యాక్టరీ యజమానురాలు, అందరూ పెద్దమ్మగారు అనే ఆవిడ, వచ్చి అల్లం బిస్కెట్ సంగతి ఆఖరుసారి తేలుస్తానన్నారు. ఇవాళ కాదంటే ఆ బిస్కెట్ మాట ఇక ఎత్తకూడదు. అప్పుడు తను వెళ్లిపోతుంది. అదే మాట పిన్నికి చెప్పింది. పిన్నికి చెప్పడమంటే ఫ్యాక్టరీలో మైకు పెట్టి చెప్పినట్టే.

మొదటి ట్రేలు బయటికొచ్చి, శాంపిళ్లు రుచి గదికి వెళ్లిన కాసేపటికి ఓవెన్ గది తలుపు తెరుచుకుంది. నాలుక గారు లోపలికొచ్చి, తలుపు దగ్గరగా వేశాడు. అతను ఆ గదిలో అడుగు పెట్టడం అదే మొదలు. మొహం పాలిపోయి ఉంది.

“మీకొక మాట చెప్పాలి. ఎవరితోనూ అనకండి. నా నాలుక పోయింది.”

ఆమె నవ్వబోయి, అతని మొహం చూసి ఆగింది.

పొద్దున్న పరగడుపునే రావడం, ముందుగా ఆమె అల్లం బిస్కెట్ నోట్లో వేసుకోవడం అతని అలవాటు. ఇవాళ వేసుకోగానే ఇనప తాళంచెవి నాకినట్టుందట. తర్వాత పాల బిస్కెట్, ఉప్పు బిస్కెట్, అన్నీ అదే రుచి. స్టోర్స్ ఆయన మాట గుర్తొచ్చి, తనకూ అదే పట్టుకుందనుకున్నాడట. నాలుక లేకపోతే తనకు ఈ ఫ్యాక్టరీలో కుర్చీ ఎందుకన్నాడు.

“మధ్యాహ్నం నేనేమని చెప్పాలో తెలియక వచ్చాను,” అన్నాడు.

ఆమెకు ఒక్క క్షణం చెడ్డ ఆలోచన వచ్చింది. అది దాచుకోకుండా పైకే అనేసింది. “బాగుందని చెప్పేస్తే పోయేది కదా. ఎవరికి తెలుస్తుంది?”

“నాకు తెలుస్తుంది. మీ బిస్కెట్ నా దయ మీద బజారుకెళ్లడం నాకిష్టం లేదు. దాని పరువు దానికుంది.”

ఇన్నాళ్లూ తన బిస్కెట్‌ని కాలితో తన్నాడనుకున్న మనిషి నోట ఆ మాట వస్తుందని ఆమె అనుకోలేదు. కంగారు పడితే ప్రశ్నలు అడగడం ఆమెకు అలవాటు. ఎప్పటి నుంచి, నాలుక ముందు భాగంలోనా వెనకనా, మంచినీళ్లు ఎలా ఉన్నాయి, ఊపిరి బాగా ఆడుతోందా అని వరసపెట్టి అడిగింది. నర్సు ఇచ్చిన నంబరుకు ఫోను కూడా చేసింది. కొందరు అలా చెబుతుంటారు, ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది, దద్దుర్లు గానీ ఆయాసం గానీ ఉంటే వెంటనే రమ్మనమని నర్సు చెప్పింది. అవేమీ లేవు.

“అయితే చూద్దాం, కూర్చోండి,” అని తన ఆప్రాన్ విప్పి అతని కళ్లకు కట్టింది. ఒంటి చేత్తో ముడి వెయ్యలేక తిప్పలు పడుతుంటే అతనే ఒక కొస పట్టుకున్నాడు. వేళ్లు తగిలాయి. ఇద్దరూ తగలనట్టే ఊరుకున్నారు.

క్యాంటీన్ నుంచి తెచ్చినవి ఒక్కొక్కటే చెంచాతో పెట్టింది.

“నిమ్మరసం,” అన్నాడు. “గింజ కూడా నలిగింది, చివర్న చేదుంది.”

ఇంకోటి పెట్టింది.

“ఉప్పు.”

మరోటి.

“పంచదార. కొత్త బస్తాలోది. తేమ పట్టింది, ఎండలో పెట్టించండి.”

ఆమె చెంచా పక్కన పెట్టేసింది. “మీ నాలుకకి ఏమీ కాలేదు. బస్తా సంగతి కూడా చెబుతోంది.”

అతను కట్టు విప్పుకుని బిత్తరపోయి చూశాడు. “మరి ఆ ఇనుము ఎక్కడిది?”

జవాబు ఇద్దరి మధ్యా ట్రేలో ఉంది. ఓవెన్ల దగ్గర పనిచేసే వాళ్లెవరూ బిస్కెట్లు తినరు. రోజంతా ఆ వాసనలో ఉంటే తినబుద్ధి కాదు. రంగు చూసి, వాసన చూసి, విరిచినప్పుడు చప్పుడు విని పంపేస్తారు. ఆమె ఎన్నో నెలల తర్వాత తన బిస్కెట్ తనే కొరికింది. కొరికి, పరుగున వెళ్లి సింకులో ఉమ్మేసింది.

అప్పుడు గుర్తొచ్చాయి ఒక్కొక్కటీ. పొద్దున్న మొదటి ట్రే మామూలు కంటే ముదురు రంగులో వచ్చింది. ఓవెన్ వేడెక్కువైందనుకుని తగ్గించింది. వంటసోడా కొలిచే స్కూపు ఎప్పుడూ ఎడమ చేత్తో ముంచి, కుడి చేత్తో చాకు పట్టి పైన పోగుపడ్డ పొడిని గీసేస్తుంది. ఇవాళ ఎడమ చెయ్యి లేవక కుడి చేత్తో ముంచింది. గియ్యడానికి రెండో చెయ్యి లేదు. పోగు పోగుగానే అన్ని పిండి ముద్దల్లోనూ వేసేసింది.

“సైడ్ ఎఫెక్ట్ మీ నాలుకకి రాలేదు, నా చేతికొచ్చింది,” అని స్టూలు మీద కూలబడింది. “ఆ ఇనుము సోడా రుచి. పొద్దుటి సరుకంతా పారబొయ్యాలి.”

బయట వాన మొదలైంది. దాంతోపాటే పెద్దమ్మగారి కారు కూడా లోపలికొచ్చింది.

అతను తను వెళ్లి చెబుతానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. తప్పు నా చేతిది, నోరు కూడా నాదే ఉండాలంది. రుచి గదిలోకి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పింది. పెద్దమ్మగారు కళ్లజోడు మీదుగా ఆమెను చూసి, మళ్లీ కలపడానికి ఎంతసేపు పడుతుందని అడిగారు. ఎంతసేపూ పట్టదంటే, అయితే నేనిక్కడే కూర్చుంటానన్నారు. నిన్న ఆవిడ కూడా సూది వేయించుకున్నారు. ఒకటే మగతగా ఉందంటూ కుర్చీలో వెనక్కి వాలారు. ఆమె తలుపు దాటేలోపే చిన్నగా గురక వినిపించింది.

ఓవెన్ గదిలో అతను చొక్కా చేతులు మడిచి సిద్ధంగా ఉన్నాడు. ఆమె కుడి చేత్తో స్కూపు ముంచి పట్టుకుంది. అతను చాకుతో పైన గీశాడు. ఊపిరి బిగబట్టి, ఎంత నెమ్మదిగా గీశాడంటే ఆమెకు నవ్వొచ్చింది.

“సోడా అండీ అది. బంగారం కాదు.”

“ఇన్ని రోజులు మీ కొలతలు తప్పుబట్టాను. ఇప్పుడు నా వల్ల తప్పితే బతకనిస్తారా?”

అల్లం తురమడం కూడా అతని మీదే పడింది. ఆమె తురిమితే వెన్నలా మెత్తగా ఉంటుంది. అతను తురిమితే ముక్కలు ముక్కలుగా, పలుకులుగా పడింది. ఆమె చూసి నొసలు చిట్లించింది గానీ మళ్లీ తురమడానికి వ్యవధి లేదు. అలాగే కలిపేసింది. పిండి తడుపుతుంటే అతని ముక్కు మీద మైదా అంటింది. చెబుదామా వద్దా అని ఆలోచించి, చెప్పకూడదని నిర్ణయించుకుంది. చూడ్డానికి బాగుంది మరి.

బిస్కెట్లు కాలుతున్న కమ్మని వాసన గది దాటి వెళ్లేసరికి పెద్దమ్మగారికి తనంతట తనకే మెలకువ వచ్చింది. ట్రే బల్ల మీద పెట్టారు. అతను గోరువెచ్చని నీళ్లతో పుక్కిలించి ఒక బిస్కెట్ తీసుకుని, కళ్లు మూసుకుని నమిలాడు. చాలాసేపు నమిలాడు. పక్క ఊరు, హెడ్ ఉద్యోగం, పిన్ని ఇల్లు ఖాళీ చెయ్యడం, అన్నీ ఆ దవడ కదలిక మీదే ఆధారపడి ఉన్నాయి. అతను కాదన్నా సరే, తనకు వెళ్లాలని లేదని ఆమెకు అప్పుడే, ఆ నిమిషంలోనే తెలిసింది.

“ముందు తీపి వచ్చింది. అయిపోయిందనుకున్నప్పుడు పలుకు తగిలి అల్లం వచ్చింది,” అని కళ్లు తెరిచాడు. “ఆ ‘ఇంకొంచెం’ ఇదే. పాస్.”

పెద్దమ్మగారు ఒకటి తిన్నారు. రెండోది తిన్నారు. మూడోది చేతిరుమాల్లో చుట్టుకుని, సోమవారం నుంచి తయారీ లైను మీదకెక్కించమని చెప్పి, నిద్రమొహంతోనే కారెక్కారు.

అప్పుడొచ్చింది పిన్ని. రుచి చూసేవాళ్లు ఏదీ మింగరు. నమిలి, బల్ల పక్కనున్న స్టీలు గిన్నెలో ఉమ్మేసి, పుక్కిలించి, తర్వాతి దానికి వెళతారు. లేకపోతే ఒకదాని రుచి ఇంకోదానికి అంటుకుంటుంది. ఆ గిన్నె కడిగే పని పిన్నిది. ఇవాళ గిన్నెలోకి తొంగి చూసి, ఎవరితోనూ కాదన్నట్టు అంది.

“అందరివీ ఉమ్ముతాడు. నీ అల్లం బిస్కెట్ ఒక్కటీ ఏనాడూ ఇందులో కనబడలేదే అమ్మాయ్.”

అలా అని గిన్నె పట్టుకుని వెళ్లిపోయింది. తలుపు మాత్రం మరిచిపోకుండా దగ్గరగా వేసింది.

అతను కిటికీ వైపు తిరిగాడు. చెవులు ఎర్రబడ్డాయి. ముక్కు మీద మైదా ఇంకా అలాగే ఉంది.

“పొద్దున్నది కూడా మింగారా? ఆ ఇనుముది?” ఆమె అడిగింది.

“ఊఁ.”

“ఉమ్మేసి పుక్కిలిస్తే రుచి పోయేది. నాలుక బాగానే ఉంది, తప్పు బిస్కెట్‌లోనే ఉందని మీకే తెలిసేది.”

“తెలిసేది.”

“మరి?”

“మీరు చేసింది ఉమ్మడం నాకు చేతకాదు,” అన్నాడు. “మొదటి రోజు నుంచీ అంతే. నిన్న వరసలో అడిగారు కదా, నచ్చింది ఒక్కటైనా ఉందా అని. అప్పుడే చెప్పాలనుకున్నాను. చుట్టూ జనం, సూది. ధైర్యం చాల్లేదు.”

“నచ్చినదాన్ని అన్నిసార్లు వెనక్కి పంపుతారా?”

“బాగుండేది. ఇంకా బాగుంటుందనిపించేది. మీ పని చూసి ఎవరైనా ‘ఫరవాలేదు’ అంటే నేను భరించలేను. అందుకని ఆ చెడ్డపేరేదో నేనే మూటగట్టుకున్నాను.”

ఆమెకు కళ్లు చెమర్చాయి. ఇన్నాళ్ల కోపం ఎటు పోయిందో వెతికినా దొరకలేదు. ఫోను తీసి పక్క ఊరి బేకరీకి చేసింది. చెయ్యి నొప్పిగా ఉంది, ఇప్పట్లో రాలేనని చెప్పి పెట్టేసింది.

“రెండు రోజుల్లో తగ్గిపోతుందని నర్సు చెప్పింది కదా,” అన్నాడతను నెమ్మదిగా, ఆశ దాచుకోవడం రాక.

“చెయ్యి తగ్గుతుంది. స్కూపు గియ్యడానికి మనిషి అలవాటైపోయాడు, అది తగ్గేలా లేదు.” ఆమె కుడి చేత్తో అతని ముక్కు మీది మైదా తుడిచింది. “రేపు పొద్దున్నే రా. అల్లం నువ్వే తురమాలి.”

రావద్దన్నా వస్తానన్నాడు అతను. తను ‘నువ్వు’ అన్న మాట అతనికి వినబడిందో లేదోనని ఆమె అనుమానపడింది గానీ, చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి కాబట్టి వినబడే ఉంటుంది.

అతని చేతిలో సగం కొరికిన బిస్కెట్ ఒకటి మిగిలి ఉంది. ఓవెన్ వాళ్లు బిస్కెట్లు తినరు. ఆమె దాన్ని లాక్కుని నోట్లో వేసుకుంది. ముందు తీపి వచ్చింది, తర్వాత అల్లం వచ్చింది. నిదానంగా నమిలి, అతని వైపే చూస్తూ మింగేసింది.