మెట్లబావి నీళ్ళు

తాండూరు నుంచి వికారాబాదు పోయే తోవలో, ధారూరు దాటి అనంతగిరి ఘాటు ఎక్కబోయే ముందు, ఎడమపక్కన ఒక మెట్లబావి ఉండేది. దాని పేరెత్తితే మా ఊళ్ళో పెద్దవాళ్ళు గొంతు తగ్గించేవాళ్ళు. పట్టపగలు కూడా ఎవరూ అందులో బొక్కెన వేసేవాళ్ళు కాదు. ఇక చీకటి పడ్డాక... సరే, అది చెప్పడానికే కదా మొదలుపెట్టాను.

అక్కడ మోటారు ఆగకూడదు. ఆగిందా — బావిలోంచి ఒక ఆడమనిషి చంకన బిందెతో మెట్లెక్కి వస్తుంది. పలకరించదు. తిన్నగా వెనక సీటు దగ్గరికి పోయి లోపలికి తొంగి చూస్తుంది. కడుపుతో ఉన్నవాళ్ళ కోసం వెతుకుతుందట. కనబడితే లోపలి బిడ్డను తీసుకుపోతుందట.

ఎవరి బిడ్డను తీసుకుపోయిందో చెప్పమంటే మాత్రం ఒక్కరి నోరూ పెగిలేది కాదు. లారీ డ్రైవరు ఒకడు జ్వరంతో మంచం పట్టాడని, కంట్రాక్టరు ఒకాయన జీపు వదిలేసి ధారూరు దాకా పరిగెత్తాడని — ఇవే మాటలు. చెప్పే మనిషి మారినప్పుడల్లా కాస్త మసాలా ఎక్కువయ్యేది.

ఇప్పుడు నేను చెప్పేది మాత్రం మా ఇంద్రమ్మ అత్తకు జరిగింది. ఆమె నోటనే విన్నాను. ఆమెకు అబద్ధం చేతకాదు, ఇంట్లో ఆ పని మామ చూసుకునేవాడు.

మా బాల్‌రాజ్ మామకు కారు పిచ్చి. పోలీస్ యాక్షన్ అయ్యాక హైదరాబాదు వదిలి పోతున్న ఒక జాగీర్దారు దగ్గర పాత విలాయతి కారొకటి కొన్నాడు. అప్పటికే అది ముసలిది. పైన గుడ్డ టాపు, పక్కన ఫుట్‌బోర్డు, ముందు నిలబడి హ్యాండిల్ తిప్పితే గాని లేవని ఇంజను. దాంట్లో అత్తను కూర్చోబెట్టుకుని బీదరు పోయాడు, గుల్బర్గా పోయాడు, షోలాపూరు పోయాడు, ఒకసారి పూనా కూడా పోయొచ్చాడు.

అత్తకూ ఆ ప్రయాణాలంటే ప్రాణం. పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లలు లేరు. సద్దిమూట, నీళ్ళ డబ్బాలు, గాలిపంపు వేసుకుని రోడ్డెక్కితే ఆ సంగతి ఇద్దరికీ గుర్తుండేది కాదట. గుర్తుచేసేవాళ్ళంతా ఊళ్ళోనే ఉండేవాళ్ళు మరి.

ఎట్టకేలకు అత్త నీళ్ళోసుకుంది. ఆరో నెలలో హైదరాబాదు పెద్ద దవాఖానలో చూపించాలన్నారు. మామ తల్లి శాంతవ్వ మొత్తుకుంది.

"రైల్ల పోరా! కడుపుతోని ఉన్నదాన్ని ఆ బాయి కాడికెంచి తోల్కపోతవా?"

"రైల్ల ఏమున్నదే అవ్వా, పొగ తప్ప! పొద్దుండంగనే ఘాటెక్కుత, నువ్వు ఫికర్ జెయ్యకు" అన్నాడు మామ. ఆ కారు స్టీరింగు చేతిలో ఉంటే ఆయనకు తల్లి మాట కూడా చెవికెక్కదు.

పొద్దుండగా ఎక్కలేదు. దారిలో రెండుసార్లు టైరు పంచరైంది. ధారూరు దాటేసరికి బాగా చీకటి పడింది. అత్త నడుము నొప్పితో వెనక సీటులో ఒరిగి కూర్చుంది. ఎత్తు మొదలవుతుందనగా రేడియేటర్ కుతకుత ఉడికింది. కారు రెండు గురకలు పెట్టి... ఆగిపోయింది.

ఎక్కడ ఆగిందో వేరే చెప్పాలా?

మామ దిగి నీళ్ళ డబ్బాలు తీశాడు. ఒకటి దారిలోనే అయిపోయింది. రెండోదానికి అడుగున చిల్లు. ఖాళీ డబ్బా పట్టుకుని చాలాసేపు నిలబడి, మళ్ళీ వచ్చి తన సీటులో కూర్చున్నాడు.

"బాయిల నీళ్ళుంటయి" అంది అత్త మెల్లగా.

"ఇంజను జర సల్లవడనీ..."

పూనా దాకా పోయొచ్చిన మొనగాడు. మెట్లు దిగడానికి కాళ్ళు రాలేదు. అత్తకు కోపం రాలేదట. తనకూ భయమే. రెండు చేతులూ కడుపు మీద కప్పుకుని, ఇన్నేళ్ళకు వచ్చిన ఈ ఒక్కటీ నాకు మిగలనీ అని మొక్కుకుంటూ కూర్చుంది.

అప్పుడు — బావి వైపు నుంచి నీళ్ళు చిందిన చప్పుడు.

ఒక మెట్టు... ఆగింది... మళ్ళీ ఒక మెట్టు...

"ఇంద్రా... అటు సూడకు" అన్నాడు మామ.

చూడకుండా ఎలా ఉంటుంది! చంకన బిందెతో ఒక ఆకారం గట్టెక్కింది. కుంటుతూ వచ్చింది. తిన్నగా వెనక సీటు దగ్గరికే వచ్చింది. ఆ కారుకు పక్క అద్దాలు లేవు. తల లోపలికే పెట్టింది. తడి బట్టల వాసన... తెల్లబడిన జుట్టు... ఆ కళ్ళు అత్త మొహం చూసి, కిందికి దిగి, కడుపు మీద ఆగాయి.

అత్త కేక పెడదామనుకుంది.

"పోస్త... ఇప్పుడే పోస్త" అని గుసగుసలాడింది ఆ మనిషి. "జర ఓర్సుకో."

గబగబా కారు ముందుకు పోయింది. మామ దిగి, కండువా అడ్డం పెట్టి రేడియేటర్ మూత తిప్పాడు. ఆవిరి భగ్గున లేచింది. ఆమె బిందె వంచింది.

ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదంటుంది అత్త. బ్యాటరీ లైటు తీసి ఆ మనిషి కాళ్ళ మీద వేసింది. దెయ్యాల పాదాలు వెనక్కి తిరిగి ఉంటాయని చిన్నప్పటినుంచి విన్నదే కదా.

పాదాలు ముందుకే ఉన్నాయి. పగిలిన మడమలు. ఒక కాలికి గుడ్డ కట్టు, ఆ గుడ్డలోంచి నెత్తురు. దెయ్యానికి ముల్లు దిగుతుందా!

"మనిషివేనా అవ్వా?"

"మనిషినే బిడ్డా. బీరమ్మ అంటరు. గా గుట్ట కిందనే మా గొర్ల మంద." బిందె పక్కన పెట్టి మళ్ళీ దగ్గరికి వచ్చింది. "నొప్పులొస్తున్నయా?"

"లేదవ్వా. ఇంక ఆరో నెలనే."

ఆ మాట వినగానే బీరమ్మ ఫుట్‌బోర్డు మీద కూలబడింది. "గట్లనా... మంచిదే, మంచిదే" అంటూ కొంగుతో మొహం తుడుచుకుంది. అత్త కూడా దిగి పక్కన కూర్చుంది. అంతసేపు ఈమెకు భయపడ్డందుకు సిగ్గేసిందట.

"గింత చీకట్ల బాయిలకు దిగి మాకోసం నీళ్ళు దెస్తివి. ఎందుకవ్వా?"

బీరమ్మ వంగి కాలి కట్టు బిగించుకుంది.

"మోటరు ఆగిన సప్పుడైతె పండలేను బిడ్డా. పోలీస్ యాక్షన్ అయిన మరుసటేడు... నా బిడ్డ మొగులమ్మకు కాన్పు కష్టమైంది. పటేలు దయదల్చి తన మోటర్ల ఎక్కించిండు, వికారాబాదు దవాఖానకని. గీడికొచ్చి గిట్లనే ఉడికి ఆగింది. డ్రైవరు నీళ్ళు దెమ్మన్నడు. బాయిల దయ్యమున్నదని ఎవలు దిగలే. డ్రైవరు దిగలే. నా పెనిమిటి దిగలే. రాత్రంత వెనక సీట్ల మొత్తుకుంట... నా ఒళ్ళెనే పాయె. కడుపుల పిల్ల కడుపుల్నే పాయె."

మామ రేడియేటర్ మూత చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. అత్త ఆమె చెయ్యి పట్టుకుంది. ఏడుపు ఆగలేదు అత్తకు.

"నేను గూడ దిగలే బిడ్డా" అంది బీరమ్మ, ఇంకా చిన్న గొంతుతో. "కన్నతల్లిని. అవ్వా నీళ్ళు దేవే అని అది ఏడుస్తుంటె, నేను గూడ దయ్యానికి భయపడి దాని చెయ్యి పట్టుకొని కూసున్న."

అత్త ఆమె దగ్గరికి జరిగింది.

"మరి... ఎప్పుడు దిగినవ్ అవ్వా?"

"తెల్లారినంక. బిడ్డకు మొకం కడగాలె గద... గప్పుడు దిగిన." బావి వైపు చూసింది. "ఏం లేకుండె బిడ్డా. ఉత్త నీళ్ళే ఉండె."