ప్రోటాన్ సెంటర్లో పట్టు వ్యాపారి

పెనుకొండ రైల్వే గేటు దగ్గర టీ తాగుతూ దేవేంద్ర పని అప్పగించాడు. అతను గూఢచారి ఏజెన్సీ చీఫ్. ఏసుదాసు అతని దగ్గర మిగిలిన పాత ఏజెంటు.

"హిందూపురం ప్రోటాన్ క్యాన్సర్ సెంటర్లోకి విదేశీ గ్యాంగు ఒకణ్ణి దింపింది. పేషెంటు వేషం. మన మెషీన్ పేరు చెడితే వాళ్ల మెషీన్ అమ్ముకోవచ్చు."

"ఎట్ల చెడగొడతారు?"

"ఒక అంకె మార్చి. ప్రోటాన్ దెబ్బ ఎక్స్‌రే కన్నా పదోవంతు ఎక్కువని లెక్క. 1.1. దాన్ని 0.7 చేస్తే, దెబ్బ చాలదనుకోని కంప్యూటర్ మోతాదు పెంచేస్తాది. ప్రోస్టేట్ పక్కనుండే పేగు కాలిపోతాది."

"నా వేషం?"

"నీకెందుకబ్బా వేషం? నీ బయాప్సీ రిపోర్టు చాల్దా?"

ఏసుదాసు గ్లాసు కింద పెట్టాడు. సొంత పేరుతో, సొంత జబ్బుతో వెళ్తున్న మొదటి మిషన్ ఇది.

వెయిటింగ్ హాల్లో మగవాళ్లు కాళ్లు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. ప్రోటాన్ కిరణాల బీమ్‌కు ముందు నీళ్లు తాగి ఉగ్గబట్టుకోవాలి. మూత్రాశయం నిండితే పేగులు బీమ్ దారి నుంచి తప్పుకుంటాయి.

"గొర్రెలైనా ఇంతసేపు ఓర్చుకోవప్పా," అని మూలిగాడు చిలమత్తూరు కాపరి కదిరప్ప.

మెషీన్ లెక్కలు చూసే ఫిజిసిస్ట్ గీతాంజలి నడిచివస్తే ముసలాళ్లు కూడా నిటారుగా కూర్చున్నారు. గ్యాంగు ఆమెకు జీతమిస్తోంది. ఏజెన్సీ కూడా ఇస్తోంది, ఆలస్యంగా.

"చెనిక్కాయ పంట ఎట్లుండాది?" అంది ఏసుదాసుతో.

"ఊడలు దిగినాయమ్మా."

కోడ్ కుదిరింది. ఆమె గొంతు తగ్గించింది. "వాళ్ల మనిషి ఈ హాల్లోనే ఉండాడు. మొహం నాకూ తెలీదు. పొద్దున అంకె సరిగ్గానే ఉండింది."

ఆమె కంట్రోల్ రూమ్‌కి వెళ్లింది. కదిరప్పను లోపలికి పిలిచారు.

అప్పుడు ధర్మవరం పట్టు వ్యాపారినని చెప్పుకునే ఆసామి, రుమాలుతో చేతులు తుడుచుకుంటూ బాత్రూమ్ నుంచి వచ్చాడు. కదిరప్ప తర్వాత అతని వంతే. ముఖంలో హాయి. ఆ హాల్లో ఇంకెవరికీ లేని హాయి.

బాత్రూమ్‌ను ఆనుకునే, మోతాదు లెక్కగట్టే ప్లానింగ్ కంప్యూటర్ గది ఉంది.

"గీతాంజలీ, అంకె చూడు!" అని ఏసుదాసు అరిచాడు.

వ్యాపారి పెన్ను తీశాడు. మూత కింద సూది. పరిగెత్తే స్థితి ఏసుదాసుకు లేదు. తాను ఇంకా తాగాల్సిన నీళ్లున్న స్టీలు బాటిల్ విసిరాడు. అది వ్యాపారి నుదుటికి తగిలింది. మనిషి పడిపోయాడు.

తెర మీద 0.7. గీతాంజలి ఎర్ర బటన్ నొక్కింది. ఇంకో సెకను గడిస్తే కదిరప్ప మీద బీమ్ మొదలయ్యేది.

పోలీసులు వ్యాపారిని తీసుకుపోయాక దేవేంద్ర ఫోన్ చేశాడు.

"పనయిందా?"

"వానిది అయింది సార్. మాది కాలేదు. మెషీన్ మళ్లీ చెక్ చేస్తాండారు. ఉగ్గబట్టుకోనే ఉండాము."

బయటికి తెచ్చి కూర్చోబెట్టిన కదిరప్ప పక్కనుంచి అందుకున్నాడు. "ఏం న్యాయమప్పా ఇది? సుఖంగా జైలుకు పోతాండేది వాడొక్కడే!"