పొన్నమ్మాళ్ షెడ్డులో అరుపు

తమిళనాడులో విరుదునగరం దాటి సాత్తూరు వైపు పోయే దారిలో తిరుమలసామి నేత షెడ్డు ఉంది. పొద్దుగూకాక అటు పోవద్దు అనేవాళ్లు. పగలంతా మగ్గాల మోతే. రాత్రి ఆ మోత ఆగిందా... లోపల ఆడగొంతు. అవే మాటలు, మళ్లీ మళ్లీ. వెంటనే ఒక ఊళ. మూసిన ఆఫీసు గది కిటికీ సందులో ఎర్రటి వెలుగు!

ముందు విన్నది మగ్గం పనివాడు మాడసామి. చెప్పులు అక్కడే వదిలి పరుగెత్తాడట. తెల్లారేసరికి ఊరు తేల్చేసింది — అది తిరుమలసామి పెళ్లాం పొన్నమ్మాళ్ దెయ్యమని. పోయిన ఏడు ఆ గదిలోనే కదా ఆమె గుండె ఆగింది!

ఈ మాట కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల కంపెనీ ఆఫీసులో పనిచేసే కూతురు సుధాలక్ష్మి చెవిన పడింది. రేపు పొద్దున మంత్రగాడు వచ్చి అమ్మను కట్టేస్తాడట. నాయన సరేనన్నాడట. ఆమెకు ఒళ్లు మండిపోయింది. బతికినన్నాళ్లు పనివాళ్లను పల్లెత్తు మాట అనని మనిషి, చచ్చాక ఊరిమీద పడి అరుస్తుందా? దొరికిన బస్సెక్కేసింది.

ఇల్లు చేరేసరికి బాగా రాత్రయింది.

"నాయనా, ఆ గది బీగం చెవి ఇయ్యి."

"వేండామ్మా... పోవద్దు."

"ఇయ్యి!"

తాళంచెవి లాక్కుని షెడ్డులోకి నడిచింది. రెండు పక్కలా ఆగిపోయిన మగ్గాలు. కోపంతోనే వచ్చింది గాని, చీకట్లో ఒంటరిగా కోపం ఎంతసేపు నిలుస్తుంది?

అప్పుడు వినిపించింది... ఆడగొంతు. తలుపు కింద ఎర్రటి వెలుగు ఆరుతూ వెలుగుతూ ఉంది.

"అమ్మా..." అంది, తనకు తెలియకుండానే.

గొంతు ఆగలేదు. అదే మాట, అదే రాగం. సుధాలక్ష్మి తలుపుకు చెవి ఆనించింది. ఇంగ్లీషు! ఇంట్లో మన తెలుగు, సంతలో నాలుగు తమిళ మాటలు తప్ప ఇంకోటి ఎరగని అమ్మ ఇంగ్లీషు మాట్లాడుతుందా? పోయిన కోపం రెట్టింపై వచ్చింది. తాళం తీసి తలుపు తోసింది.

బల్లమీద కంప్యూటర్. తెర నిండా ఎరుపు, పెద్ద పెద్ద అక్షరాలు. కంప్యూటర్‌కు వైరస్ సోకింది... ఆపితే అంతా పోతుంది... వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి! మళ్లీ ఊళ.

వెనకే వచ్చిన తండ్రి గుమ్మంలోనే ఆగాడు. "తాకొద్దమ్మా... ఆపకూడదని రాసుండాది."

సుధాలక్ష్మి మెల్లగా తిరిగింది.

"అంటే... నీకు తెలుసా?"

"చీర అంచు డిజైన్లు వెతుకుతా ఉంటి. ఏదో నొక్కితే ఇది వచ్చింది. చెడ్డవి చూసినావు, పోలీసుకు చెప్తామనింది. ఈ వయసులో ఏమి చూసినాడో అని నవ్వరా? అందుకే బీగం వేసినా."

"ఊరు అమ్మను దెయ్యమంటే ఊరకే ఉన్నావే నాయనా! కట్టేయడానికి కూడా సరేనన్నావే!"

ఆమె తెర వైపు తిరిగింది.

"చూడు, ఇది వైరస్సే కాదు, వట్టి దొంగ పేజీ. నిజంగా వైరస్‌ను పట్టే ప్రోగ్రాం ఇట్లా కేకలేయదు, ఫోన్ నంబరు ఇయ్యదు. భయపెట్టడమే వీళ్ల పని. నంబరుకు చేయకూడదు, పేజీ మీద ఏదీ నొక్కకూడదు."

మూడు మీటలు కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్ తెరిచి, బ్రౌజర్‌ను ఆపేసింది. గొంతు మాట మధ్యలో తెగిపోయింది. పాత పేజీలు రాకుండా బ్రౌజర్‌ను మళ్లీ తెరిచి, ఆ సైటుకు ఇచ్చిన నోటిఫికేషన్ అనుమతి తీసేసింది. కంప్యూటర్‌లో ఉన్న యాంటీవైరస్‌తో వెతికించింది. ఏమీ లేదు.

"ఇంతే పని" అంది. "పొద్దున అందరి ముందర నువ్వే చెప్పాల. లేకుంటే నేను చెప్తా."

తెల్లారింది. నిమ్మకాయలతో మంత్రగాడు దిగాడు. మాడసామీ, పనివాళ్లూ గుమిగూడారు. తిరుమలసామి భుజం మీది తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అరిచింది కంప్యూటర్. మా పొన్నమ్మ కాదు. నాకు ముందే తెలుసు."

మంత్రగాడు అటూ ఇటూ చూశాడు.

"మరి... దెయ్యమేది?"

తిరుమలసామి తల ఎత్తలేదు.

"నేనే సామీ."

సుధాలక్ష్మి కాదనలేదు.