మకరపురం చేరిన మూట

జ్యేష్ఠమాసపు మండుటెండలో నెమలిగిరి దుర్గమునకు నాలుగు దిక్కులా గుడారములు పరచుకొని, గుర్రముల సకిలింపులతోను, కోటగోడల మీదినుండి దొర్లిపడు బండల మోతతోను కొండలు మారుమ్రోగుచుండగా, ఆమడ దూరమున మేడిపురపు రాజసౌధము నెక్కి ఆ ధూళిని చూచుచు పడమటి దండనాయకుడు తీరికగా మీసము దువ్వుకొనుచుండెను. దువ్వుకొనడా మరి? కోటను ముట్టడించినవారును మేడిరాజ్యపు వీరులే, కోటలో ఆకలికి మాడుచున్నవారును మేడిరాజ్యపు వీరులే.

మూడేండ్ల క్రిందట పడమటి రాజు మేడిపురమును పట్టి, వృద్ధరాజును చెరలో చంపించిన నాడు, రాజ్యమును విడిపింతుమని అడవి చేరిన నాయకులు రెండు దండులైరి. కొండదండుకు ఎఱపోతునాయకుడు, ఏటిదండుకు దామనాయకుడు పెద్దలు. ఇద్దరును ఒక్క గురువు వద్ద సాము నేర్చినవారే, ఒక్క విస్తరిలో తిన్నవారే. గెలిచిన పిదప సింహాసనము ఎవరిదను మాట మీద చెడిరి. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము!

ఆ తగవును కనిపెట్టినవాడు తూర్పుతీరపు మకరపురాధీశుడు. ఓడలలో దిగిన మేలుజాతి గుర్రములను అతడు ఇరుదండులకును పంపసాగెను. పోరులో గుర్రము చచ్చినచో రౌతు దాని తోక కోసి, తన గుర్తు చెక్కిన బిళ్ళను దానికి కట్టి ఇయ్యవలెను; దండుమంత్రి వానిని రెండు మూడు నెలలకొకమారు మూటగట్టి, ముద్ర వేసి మకరపురమునకు పంపును. తోక చేరినచో బదులు గుర్రము వచ్చును. ఎంతటి దాత అని ఇరుపక్షములును అతనిని పొగడినవి. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చునని పిట్టలకు ఎన్నడు తెలిసెను గనుక!

రెండు నెలల క్రిందట ఎఱపోతు మనసు మార్చుకొని, దామునితో సంధి చేసికొనుటకు కొద్దిమంది రౌతులతో బయలుదేరి, మొగలేటి రేవులో హతుడయ్యెను. దాముడే పొంచి చంపించెననియు, ఎఱపోతు గుర్రమును నెమలిగిరి లాయములో కట్టివేసికొనెననియు కొండదండు మంత్రి కొమ్మన ప్రెగ్గడ కన్నీరు కార్చుచు చెప్పెను. ఎఱపోతు ఇల్లాలు మైలసాని మాత్రము ఏడువలేదు.

"నా మగని చంపించినవాని తల తెగిననాడే ఈ తాళి తెంపెదను. అందాక నేను విధవను కాను" అని శవము ఎదుట ఒట్టు పెట్టుకొని, మెడలో పసుపుతాడుతోనే ఆమె దండుకు నాయకురాలై, దాముడున్న నెమలిగిరిని ముట్టడించెను.

నాటినుండి ఆమెకు అన్నము సయించలేదు, పగ సయించినది. గోడమీద నిలిచిన దాముని ఒక్కగానొక్క కొడుకును తన బాణముతో కూల్చిన దినమున శిబిరమంతయు నిశ్చేష్టమై నిలువగా, ఆమె ఒక్కతె బిగ్గరగా నవ్వెను. ఆ నవ్వు విన్న ముసలి బంటులు తలలు వంచుకొనిరి.

ఇట్లుండగా ఒకనాటి ఉదయమున పడమటి సేన కదలెనని వేగు వచ్చెను. ప్రెగ్గడ కొలువులో లేచి నిలిచెను.

"దేవీ! ఏనుగులతో, బండ్లతో మొగలేరు దాటి శత్రువు చేరుటకు రెండు దినములు పట్టును. నేడే కోట పట్టి, దాముని తల కొట్టి, లోపలినుండి పడమటివానిని ఎదిరింతము. వీరతాంబూలము ఇప్పింపుడు."

ఆమె పళ్ళెము తెప్పించునంతలో కోట దిడ్డివాకిలి తెరచుకొనెను. కొడుకు చావుకు గుండు చేయించుకొన్న తలతో, ఆయుధము లేక, భుజమున మూటతో దామనాయకుడు ఒంటరిగా నడచి వచ్చుచుండెను. విలుకాండ్రు నారి సారించిరి. మైలసాని చేయెత్తి వారించెను. వానిని తన కత్తితోనే నరుకవలెనని ఆమె కోరిక.

"ఓరీ దామా! చావును వెదకికొనుచు వచ్చితివా?"

"వచ్చితిని వదినా. నరుకుటకు ముందు ఈ మూట విప్పుము. ఆకలికి తాళలేక మావారు సొరంగము వెంట వెలువడి, మీ శిబిరమునుండి తూర్పునకు పోవు బండిని కొట్టిరి. బండివానిని పట్టుకొని, ధాన్యమనుకొని ఈ మూటను మోసుకొని వచ్చిరి. ప్రక్క చీల్చి చూడగా, గుర్రపుతోకలు! వానిలో నీవు గుర్తింపవలసినది ఒకటున్నది. మూతికట్టు మీది లక్కముద్ర ఎవరిదో నీవే చూడుము."

ముద్ర ప్రెగ్గడది. మూటను నేలపై క్రుమ్మరించి, తోకలను ఒక్కొక్కటిగా తీయుచున్న మైలసాని చేయి నడుమ ఆగిపోయెను. ఆ నల్లని తోకలో జడ ఉన్నది. జడలో తన మధుపర్కపు అంచు పీలిక ఉన్నది. క్షేమముగా తిరిగి రావలెనని, బయలుదేరునాటి వేకువను తానే చించి, తానే అల్లినది. రెండు నెలలుగా రాని కన్నీరు అప్పుడు వచ్చెను.

కన్నీరు తుడుచుకొనకయే ఆమె అడిగెను. "ప్రెగ్గడగారూ! నా మగని గుర్రము ఎక్కడ నున్నది?"

"నెమలిగిరి లాయములోనే, దేవీ! ఈ కన్నులతో చూచితిని. ఆ తోక శత్రువు పన్నిన మాయ."

"మరి ఈ బిళ్ళమీద మీ అంగరక్షకుడు బొల్లని గుర్తు ఏల ఉన్నది?"

బొల్లడు ఆమె కాళ్ళమీద పడెను. "తల్లీ! రేవులో పొంచి దొరను కొట్టమన్నది ప్రెగ్గడగారే. తోక మాత్రం నేనే కోశాను. చచ్చిన గుర్రం తోక వదిలేస్తే వచ్చే గుర్రం పోతుంది గదమ్మా... అలవాటు తల్లీ, అలవాటు!"

"ఓరి మూర్ఖుడా! తోక కోసితివా!" అని ప్రెగ్గడ అరచెను. అరచిన పిదప గాని తానేమన్నదియు అతనికి తెలియలేదు. ఇంటిదొంగను ఈశ్వరుడు పట్టలేడందురు, గుర్రపుతోక పట్టినది.

ఇక దాచి లాభము లేదని అతడు తల ఎత్తెను. "ఔను, చంపించితిని. మీ దండులు రెండును ఒకటైనచో మకరపురమునకు ఈ నేలమీద చోటేది? మీరు ఒకరినొకరు నరుకుకొని సమసిన పిదప ఈ రాజ్యమును నన్ను ఏలుకొమ్మని ఆ ప్రభువు మాట ఇచ్చెను. మీవంటి మొండివారి చేతిలో పడుటకంటె..."

మాట ముగియలేదు. మైలసాని కత్తి ఒక్క వేటున పని ముగించెను. తరువాత ఆమె వంగి, ఆ తలమీది జుట్టుముడిని మొదలంట కోసి, తోకల నడుమ పెట్టి, మూట బిగించి, తన ముద్ర వేసి, దాముడు కోటనుండి రప్పించిన మకరపురపు బండివానికి అప్పగించెను.

"మీ రాజుతో చెప్పుము. మా దండులో చచ్చిన మీ పశువు తోక ఇందులో నున్నది. ఆచారము ప్రకారము బదులు పంపుమనుము. దానికిని ఇదే గతి పట్టింతుము."

అప్పుడు ఆమె తాళి తెంపి, విడిగా ఉంచిన మగని గుర్రపుతోకకు కట్టి, లక్క కరగించిన మంటలో వేసెను. పగ తీరినది, కాని ఆమె మనసునకు శాంతి లేదు. ఎదుట నిలిచిన గుండుతలను చూడలేక, కత్తిని తిప్పి, పిడిని దాముని చేతికి చాచెను.

"మరిదీ! నీ బిడ్డను కొట్టిన బాణము నాది. కొట్టి నవ్వితిని. ఇక నీ వంతు."

దాముడు పిడి పట్టెను. కత్తిని ఒకమారు పైకెత్తెను. పిదప దానిని ఆమె ఒరలోనే దింపెను. "నిన్ను క్షమింపలేదు వదినా. ఎన్నటికిని క్షమింపలేను. అయినను నా పగ ఆగగలదు, పడమటివాడు ఆగడు."

మూడవనాడు మొగలేటి రేవులో కొండదండును ఏటిదండును ఒక్కటై పడమటి సేనను తాకినవి. ముందువరుస తనదని మైలసాని ఎవ్వరినీ అడుగకయే పోయి నిలిచెను. మూడు జాములు పోరి, మగడు పడిన చోటనే, గుర్రముతో కూడ ఆమె ఒరిగెను. సందె వేళకు పడమటి సేన వెనుదిరిగెను. మేడిపురము చేతికి వచ్చుటకు మరి ఆరు నెలలు పట్టినది. మూట చేరిన పిదప మకరపురమునుండి గుర్రములు రాలేదు, రాయబారులును రాలేదు.

ఆ సందెవేళ రేవులో ఒక రౌతు, అలవాటు చొప్పున, మైలసాని గుర్రపుతోకను పట్టి కత్తి తీసెను. దాముడు పరుగున వచ్చి వాని చేయి పట్టుకొనెను.

"వద్దురా. ఈ గుర్రమునకు బదులు మనకెవ్వరును ఈయనక్కరలేదు" అని, తన తలగుడ్డ విప్పి ఆమె ముఖము మీద కప్పెను.