పిట్ట ముట్టని కూడు

ఆ ఉదయం ఆకాశం తుప్పుపట్టిన రేకులా ఉంది. సూర్యుడు ఎక్కడున్నాడో తెలియాలంటే ఆ తుప్పులో కాస్త తెల్లబారిన చోటు వెతుక్కోవాలి. రాత్రి పడ్డ జల్లు వరి ఆకుల మీద పసుపుపచ్చటి చుక్కలుగా ఎండిపోయింది. బొమ్మెనగూడెంలో ఎవరూ తలెత్తి చూడలేదు. పంచాయతీ గోడ మీద గాలి సంగతి చెప్పే గాలిదీపం ఆకుపచ్చగా వెలుగుతోంది, వాళ్లకు అది చాలు. ఆ దీపం పెట్టిన నాటి నుంచి రంగు మార్చిందే లేదు. ఆకుపచ్చ అంటే గాలి బాగుందని కాదు, ఒంట్లో పెట్టిన జల్లెడ తట్టుకుంటుందని. ఈ తేడా ఏమిటని అడిగినవాళ్లు మొదట్లో కొందరు ఉండేవారు. తర్వాత వాళ్లూ జల్లెడ పెట్టించుకున్నారు.

లస్మవ్వ పొలం ఒడ్డున మోదుగాకు విస్తరికి కొంచెం దూరంగా కూర్చుని ఉంది. విస్తరిలో అన్నం, మేకకూర, రెండు గారెలు. పక్కన ముంతలో కల్లు, ఒక బీడీకట్ట. అన్నీ ఆమె భర్త గట్టయ్యకు ఇష్టమైనవే. గట్టయ్యను ఆ ఒడ్డు కిందే కాల్చారు. చనిపోయిన మూడోనాడు పిట్టకు పెట్టాలి. పోయినవాడే పిట్టయి వచ్చి విస్తరి ముడతాడు. ముట్టాకే ఇంట్లోవాళ్లు తినాలి. పిట్ట వచ్చి కూడా ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందని లెక్క. అప్పుడు అయినవాళ్లు ఒక్కొక్కరే ముందుకొచ్చి, నీ కోరిక మేం తీరుస్తాం అని మాట ఇవ్వాలి.

మూడోనాడు నిన్ననే గడిచింది. పిట్ట రాలేదు. ఈ రోజు మళ్లీ వండి పెట్టారు. నిన్నటి కూడు పక్కనే అట్లాగే ఉంది. దాని మీద ఈగ కూడా వాలలేదు. ఆ సంగతి అందరికీ కనిపించింది గానీ, ఎవరి బుర్రకూ అందలేదు.

నిన్నటి నుంచి లస్మవ్వ గుక్కెడు నీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. జల్లెడ ఉన్నవాళ్లు పస్తు ఉండకూడదు. దాన్ని తయారుచేసిన సంస్థ పెట్టిన పేరు రక్తశోధిని. ఐదేళ్లు నిండగానే డొక్క కింద పెడతారు. తిండిలో, నీళ్లలో, గాలిలో వచ్చే విషాన్ని నెత్తురు లోంచి వడకట్టి నల్లటి మడ్డి చేస్తుంది. వారానికోసారి చర్మానికి ఉన్న చిన్న మూత విప్పి ఆ మడ్డిని సంస్థ ఇచ్చిన డబ్బాలో వంచాలి. మనిషిని ఇంత బాగా కాపాడే వస్తువు వచ్చాక ఏటిని కాపాడటం దండగని పెద్దలకు తోచింది. ఫ్యాక్టరీల నీళ్లు శుద్ధి చేయాలనే చట్టం అదే ఏడు ఎత్తేశారు. ఆ రోజు ఊళ్లో మిఠాయిలు పంచారు. లస్మవ్వ కూడా ఒకటి తిన్నది, అప్పుడామె కొత్త కోడలు.

అయితే జల్లెడకు సీసమేదో ఇనుమేదో తెలియదు. రెండింటినీ పట్టుకుంటుంది. అందుకే ఊరివాళ్ల గోళ్లు సున్నం కొట్టినట్టుంటాయి. నలభై ఏళ్లకే మోకాళ్లు వంగవు, ఆడవాళ్లు మెట్టుమెట్టుకూ ఆగి ఊపిరి పీల్చుకుంటారు. దానికి సంస్థ పోషబిళ్లలు ఇస్తుంది. కడుపు ఖాళీగా ఉంటే మాత్రం బిళ్లలూ పనిచేయవు, జల్లెడ నెత్తురులోని ఇనుమంతా లాగేస్తుంది. లస్మవ్వ పెదవులు అప్పటికే బూడిదరంగుకు వచ్చాయి. కూతురు స్వరూప రెండుసార్లు చెయ్యి పట్టుకుని బతిమాలింది. పిట్ట ముట్టేదాకా తిననని ఆమె తల అడ్డంగా ఊపింది, అంతే.

పొద్దెక్కుతుండగా సంస్థ తరఫు పర్యవేక్షకుడు నిశాంత్ వచ్చాడు. మంచి కుర్రాడు, ఎవరు పోయినా కళ్లు తుడుచుకుంటాడు. గట్టయ్య డొక్కలోని జల్లెడను చితి పేర్చకముందే తీయించి తీసుకుపోయినవాడూ అతనే. అప్పటికది కడిగి ఇంకెవరి డొక్కలోనో పెట్టేసి ఉంటారు. గట్టయ్యకు అరవై నిండలేదు. జల్లెడ మడ్డితో పూడి రాయిలా బిగుసుకుపోయింది. కాగితం మీద మాత్రం వయసు మళ్లి పోయాడని రాశారు.

నిశాంత్ చంకలో కర్మపిట్ట ఉంది. ఊళ్లలో పిట్టలు కరువయ్యాక సంస్థ తయారుచేసిన వస్తువది. నల్లగా నిగనిగలాడుతూ అసలు కాకి కంటే అందంగా ఉంటుంది. మీట నొక్కితే ఎగిరి వెళ్లి, విస్తరిలో నాలుగు మెతుకులు పొడిచి, రెండుసార్లు అరిచి, వచ్చి చంకలో వాలుతుంది. జనం దానికీ దండం పెట్టడం నేర్చుకున్నారు.

ఇప్పటికి కొన్ని వేల ఇళ్లలో ఇది ముట్టిందమ్మా, ఒక్క ఆత్మ కూడా ఫిర్యాదు చేయలేదు అని నిశాంత్ నచ్చజెప్పాడు. అతను నవ్వించడానికి అనలేదు.

లస్మవ్వ ఆ యంత్రం పొట్ట కిందికి చూసింది.

"దీనికి గూడ మూత ఉన్నది గదా బిడ్డా. పొడిచిన మెతుకులు సాటుకు పోయి ఆ మూత తీసి పారబోస్తవు. నా పెనిమిటి మూతతోనే బతికిండు, మూతతోనే పోయిండు. ఈ ఒక్కపూటన్న మూత లేని కడుపుల జొరనియ్యి."

నిశాంత్ నొచ్చుకుని పక్కకు వెళ్లి నిలబడ్డాడు. కర్మపిట్టను మాత్రం వెనక్కి పంపలేదు. ఎట్లాగూ అవసరం పడుతుందని అతనికి నమ్మకం.

అప్పుడు వచ్చింది నిజం కాకి.

తూర్పున గాజుతోటల వైపు నుంచి వచ్చింది. సంస్థ అక్కడ అద్దాల కింద, వడకట్టిన నీళ్లతో, మంచి మట్టిలో పంటలు పండిస్తుంది. జల్లెడ లేని పసిపిల్లలకు పంచే పసికూడు అక్కడిదే. నరాలు సన్నం కాబట్టి ఐదేళ్లలోపు వాళ్లకు జల్లెడ పెట్టలేరు. అందుకని అప్పటిదాకా వాళ్లకు నిజమైన తిండి పెడతారు. ఐదు నిండిన మర్నాడే ఆ పొట్లాలు ఆగిపోతాయి.

కాకిని చూసి జనం లేచి నిలబడ్డారు. చాలామందికి అదే మొదటిసారి. యంత్రాన్ని చూసి అలవాటైన కళ్లకు అది నాసిరకంగా కనిపించింది. ఒక రెక్కలో ఈకలు ఊడి ఉన్నాయి. నడక కుంటిది. అది విస్తరి దగ్గరికి గెంతింది. మెడ ఇటు వంచి చూసింది, అటు వంచి చూసింది. చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత దూరంగా జరిగి ఒడ్డు మీద కూర్చుంది.

కోరిక ఉంది అని ఎవరో గొణిగారు. మాటలివ్వడం మొదలైంది.

స్వరూప ముందుకొచ్చి, అవ్వను నాతో తీసుకుపోతాను, రంది పెట్టుకోకు బాపూ అని ఏడ్చింది. కాకి రెక్క గోక్కుంది. ఊళ్లోవాళ్లు ఒకరు దూడను ఇస్తామన్నారు, ఒకరు పాత తగాదా మరిచిపోతామన్నారు. బతికున్న గట్టయ్య దారిలో ఎదురైతే మొహం తిప్పుకున్నవాళ్లే వాళ్లంతా. పంచాయతీ అధ్యక్షుడు గొంతు సవరించుకుని గట్టయ్య పేరు మీద ఇంకో గాలిదీపం పెట్టిస్తానన్నాడు. కాకి అటు తిరిగి రెట్ట వేసింది.

అందరి చూపులూ ఓదెలు మీదికి మళ్లాయి. ఓదెలు గట్టయ్య తమ్ముడు. తన వాటాకు వచ్చిన మెట్ట చెలకను సంస్థకు అప్పజెప్పింది అతనే. చుట్టుపక్కల ఊళ్ల డొక్కల్లోంచి వంచిన మడ్డినంతా ఆ చెలకలో తవ్విన గుంతలో పోస్తారు. అందుకు ప్రతిఫలంగా ఓదెలుకు సంస్థలో కాపలా కొలువు దొరికింది. గుంతకూ అన్న పొలానికీ నడుమ ఒక్క గట్టు. వాన పడితే నల్లనీళ్లు ఆ గట్టు దాటి వరిమడిలోకి దిగేవి, బావిలోకి ఊరేవి. గుంత పూడ్పించమని గట్టయ్య ఎన్నేళ్లు అడిగాడో. జల్లెడ ఉన్నది గదనే అన్నా, నీకేం భయం అని ఓదెలు ప్రతిసారీ అదే మాట అనేవాడు. మనుషుల లోంచి తీసిన విషం నేలలోకి, నేల లోంచి వడ్లలోకి, వడ్ల లోంచి మళ్లీ మనుషుల్లోకి పోయేది. సంస్థ పుస్తకాల్లో దీన్ని సంపూర్ణ చక్రం అంటారు.

ఓదెలు తువ్వాలు నడుముకు చుట్టుకుని చేతులు జోడించాడు. చచ్చినవాళ్లంటే అతనికి భయం, బతికున్నవాళ్లంటేనే లేదు.

"అన్నా, ఆ గుంత పూడిపిస్త. ఈ ఎండకాలం లోపట్నే పూడిపిస్త. నీ మీద ఒట్టు. ముట్టే."

లస్మవ్వ మొదటిసారి తలెత్తింది. ఇది తప్ప ఆయనకు వేరే కోరిక లేదని ఆమెకు తెలుసు. కాకి వైపు చూసింది.

కాకి లేచింది. విస్తరి అంచుదాకా నడిచింది. ముక్కు వంచింది. మళ్లీ వెనక్కి వచ్చేసింది.

ఇక ఇవ్వడానికి ఎవరి దగ్గరా మాటలు మిగల్లేదు. అప్పుడే స్వరూప కూతురు మైత్రి ఆకలని సన్నగా ఏడుపు అందుకుంది. పిల్లకు వచ్చేనెల ఐదు నిండుతాయి, జల్లెడకు పేరు రాయించారు. పస్తు పెద్దవాళ్లకే గానీ పిల్లకు కాదు. స్వరూప చెట్టు నీడకు వెళ్లి పసికూడు పొట్లం చింపింది. చింపగానే వేడి అన్నం వాసన ఒడ్డంతా పాకింది. ఆ వాసనకు పెద్దవాళ్లు కొందరు తెలియకుండానే గుటకలు మింగారు.

కాకి ఒక్క ఎగురులో అక్కడికి చేరింది. పిల్ల చేతిలోంచి జారిన ముద్దను ఎత్తుకుంది. మళ్లీ వచ్చింది. ఇంకో ముద్ద. ఏ మాటా అడగలేదు, ఏ ఒట్టూ పెట్టించుకోలేదు. పొట్లం అడుగున అంటుకున్న మెతుకులు కూడా పొడుచుకు తిని, పోతూపోతూ విస్తరి పక్కనున్న కల్లు ముంతను కాలితో తన్ని, గాజుతోటల వైపు ఎగిరిపోయింది.

అప్పుడు ఒక్కొక్కరి చూపూ నిన్నటి విస్తరి మీదికి వెళ్లింది. ఈగ వాలని అన్నం.

నిశాంత్ ముందుగా తేరుకున్నాడు. ముట్టింది, కర్మ పూర్తయింది అని ప్రకటించి చేతిపలకలో నమోదు చేసుకున్నాడు. పొట్లం మీద సంస్థ ముద్ర కూడా ఉండటం అతనికి మరింత సంతోషం కలిగించింది. భోజనానికి ఉండమంటే, పని ఉందని యంత్రాన్ని చంకన పెట్టుకుని వెళ్లిపోయాడు. సంస్థ మనిషి ఆ ఊళ్లో తింటుండగా చూసినవాళ్లు ఎవరూ లేరు.

ఓదెలు తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. అతని మొహంలోకి నెత్తురు తిరిగి వచ్చింది, ఆ ఊరివాళ్లకు ఉన్నంతమేర.

"అంటే వదినె, అన్న మనసుల ఏం లేనట్టే గదా. కూడు తేడా, అంతే. మరి గుంత సంగతి నిమ్మళంగ మాట్లాడుకుందాం తియ్యి."

లస్మవ్వ కూతురి భుజం పట్టుకుని లేచింది. వరుసగా విస్తర్లు వేయించింది. ఎవరినీ ముట్టనివ్వకుండా తనే గంపలోని అన్నం తీసుకుని ముందు ఓదెలు విస్తరిలో వడ్డించింది. అది నల్లనీళ్లు దిగే ఆ మడిలో పండిన బియ్యమే. మేకకూర కూడా వేసింది, ముక్కలు ఏరి మరీ వేసింది.

ఓదెలు చెయ్యి కలపలేదు. "పిట్ట ముట్టలేదు గదా వదినె, ఇది."

"పిట్టకు జల్లెడ లేదు మరిది. నీకున్నది గద. నీకేం భయం, తిను."

ఓదెలు తల వంచుకున్నాడు.

అందరికీ వడ్డించి లస్మవ్వ చివర్న తన విస్తరి ముందు కూర్చుంది. నువ్వూ తింటావా అవ్వా అని స్వరూప నమ్మలేనట్టు అడిగింది.

"తింట. ఆయన కోరిక పిట్ట తీరుస్తదనుకున్న. పిట్ట దాని కడుపు అది సూసుకున్నది. ఇగ ఆ గుంత పూడేదాక నేనే బతకాలె."

ఆమె మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. అది చూసి ఒక్కొక్కరే చెయ్యి కలిపారు. వేరే తిండి లేదు, ఇంట్లోనూ ఇదే. ఓదెలు ప్రతి ముద్దనూ వేళ్ల మధ్య కాసేపు చూసి మింగాడు. గట్టు అవతల గుంత నల్లగా మెరుస్తోంది. మైత్రి అమ్మమ్మ పక్కకు వచ్చి కూర్చుని విస్తరిలోని గారె మీదికి చెయ్యి చాచింది. లస్మవ్వ ఆ చిన్న చేతిని ఎడమచేత్తో పట్టుకుని తన ఒడిలో పెట్టుకుంది. వదల్లేదు. కుడిచేత్తో తింటూనే ఉంది. అందరూ తింటూనే ఉన్నారు.