ఆరు సెకన్ల రౌండు

మీ చేతులతో మీరే కట్టుకున్న దాన్లోంచి బయటికి దారి పెట్టుకోవడం ఎప్పుడైనా మర్చిపోయారా? నవ్వకండి. డ్రైవరమ్మ మర్చిపోయింది.

ఇరవై ఏళ్ళు సిటీ బస్సు నడిపిన మనిషి. ఇరుకు సందులో బస్సు తిప్పితే గోడ మీది సున్నం కూడా రాలదని పేరు. సెలవు దొరికితే చాలు, కిటికీ లేని వెనకగదిలో దూరి బొమ్మకార్ల ట్రాక్ కట్టేది. బల్ల మీద సన్నటి గాడి, గాడికి అటూ ఇటూ రాగిపట్టీ. కారు ముక్కు కింది ముల్లు గాడిలో దిగుతుంది. చేతిలో ట్రిగ్గర్ నొక్కితే కరెంటు అందుకుని కారు దూసుకుపోతుంది. గోడల వెంట చుట్టూ బల్ల, నడుమ మనిషి నిలబడేంత చోటు, మూలన అట్టతో చేసిన జానెడు సొరంగం.

మూడు నెలలుగా రౌండు ఏడు సెకన్ల కిందికి దిగనంటోంది. పాత పట్టీ పీకేసి కొత్తది అతికించింది. ఆ మధ్యాహ్నం తలుపు మూసి, బల్ల ఆఖరి పలకను దానికి అడ్డంగా పెట్టి, కింద రెండు బోల్టులు బిగించింది. చుట్టు పూర్తయింది.

బయటినుంచి మొగుడు తలుపు తట్టాడు. కుట్టుమిషన్ వదిలి టీ పట్టుకొచ్చిన టైలర్ ఆయన.

"తలుపు రావట్లేదే. పలక తగులుతోంది."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ తలుపు లోపలికి తెరుచుకుంటుంది.

"బస్సుకి రివర్స్ గేరుంది, నీ బుర్రకి లేదా తల్లీ?"

"మీ వెటకారం తర్వాత. రెండే బోల్టులు. ఒక్క రౌండు చూసి విప్పేస్తా."

ఆ ఒక్క రౌండే కొంప ముంచింది.

నొక్కింది. కారు జుయ్యిమంటూ తిరిగొచ్చింది. చుట్టుకెంత పట్టిందో లెక్కపెట్టే గడియారంలో సరిగ్గా ఆరు సెకన్లు! ఆనందంతో కేక పెట్టి, ట్రిగ్గర్ వదిలేసింది.

కారు ఆగలేదు.

తర్వాతి చుట్టు తొమ్మిది సెకన్లు. పద్నాలుగు. బల్ల అంతే ఉంది, వేగం అంతే ఉంది. సొరంగంలోకి దూరిన కారు బయటికి రావడమే ఆలస్యమవుతోంది. ప్లగ్గు పీకేసింది. అయినా జుయ్యిమంటూనే ఉంది. కాలిన దుమ్ము వాసన పోయి, సొరంగంలోంచి తడి ఇనుము వాసన చల్లగా ముఖానికి కొట్టింది.

బల్ల కింద దూరింది. ఒక బోల్టు విప్పింది. రెండోది విప్పింది. పలక కదల్లేదు. వేళ్ళతో తడిమితే... మూడోది తగిలింది.

తను బిగించింది రెండే.

మూడోది విప్పింది. పైన కారు చుట్టు తిరిగింది. నాలుగోది తగిలింది.

"ఏమండీ..."

"ఇక్కడే ఉన్నానే. అంత చిన్నగా పిలుస్తావేం? గట్టిగా పలుకు."

ఆమె గొంతు చించుకుని అరుస్తోంది. ఇందాక చెయ్యి చాపితే అందిన తలుపు, ఇప్పుడు అందడం లేదు. ఒక్కో చుట్టుకూ అడుగు చొప్పున... వెనక్కి జరుగుతోంది. బోల్టులు పదకొండు. పన్నెండు. వేలిగోళ్ళు చిట్లాయి.

"ఏమండీ... వెళ్ళకండి..."

"ఎక్కడున్నావే?" ఆయన మాట వీధి చివర్నుంచి వచ్చినట్టు వచ్చింది. తర్వాత అదీ రాలేదు.

పక్కింటి వడ్రంగి గొడ్డలితో తలుపు పగలగొట్టాడు. పలక ఉంది. దాని కింద రెండే రెండు బోల్టు రంధ్రాలు, ఖాళీగా. నడుమ చోటూ ఖాళీయే. బల్ల మీద కారు లేదు. గడియారం మాత్రం లెక్కపెడుతూనే ఉంది.

నలభై నిమిషాలకు సొరంగంలోంచి కారు వచ్చింది. దాని నెత్తిన ఒక బోల్టు. టైలర్ పట్టుకు చూశాడు. వెచ్చగా ఉంది, అప్పుడే ఎవరో గుప్పిట్లోంచి వదిలినట్టు.

అప్పట్నుంచి ఆయన అక్కడే కూర్చున్నాడు. చుట్టుకో బోల్టు. బకెట్టు నిండింది. "విప్పుతోందయ్యా, ఇంకా విప్పుతూనే ఉంది," అంటాడు.

లోపలికి వెళ్ళింది ఆమె ఒక్కతే. నిన్నటినుంచి మాత్రం చుట్టుకు రెండేసి వస్తున్నాయి. ఒకటి వెచ్చగా. ఒకటి మంచుముక్కలా.

చూసి భయపడ్డ ఇరుగుపొరుగు రేపు పొద్దున రంపంతో ఆ బల్లను కోసేస్తారట. కోస్తే ఆమె వచ్చే దారి ఏది? జాలిపడి ఇళ్ళకు పోవడం కాదు. లేవండి. నాతో రండి. ఆ రంపం పట్టిన చేతులు పట్టుకుని ఆపండి.